క్లచ్ పెడల్‌కు కట్టిన తుమ్మచెక్క

నిన్న మా వర్క్‌షాపుకు వచ్చిన ఒక పాత కారు జాబ్‌కార్డు మీద, ఫిర్యాదు రాసే గడిలో, "గేర్లు గట్టిగా పడుతున్నాయి" అని ఉంది. అది చదివాక వెంటనే బానెట్ ఎత్తలేక, రాయచూరు ఎండలో ఆ కాగితం పట్టుకొని కారు యజమాని దగ్గరికి నడిచాను. మూడు పెడళ్ల కార్ల మీద పని నేర్చిన నా ఈడువాళ్లకు ఈ ఫిర్యాదు కొత్తది కాదు. నాకు మాత్రం ఇది కారు జబ్బులా వినిపించడం మానేసి చాలా ఏళ్లయింది.

మాది రాయచూరు దగ్గరి చంద్రబండ అనే ఊరు. నాయన ఒక తెల్ల అంబాసిడర్‌ను కిరాయికి తిప్పేవాడు. స్టీరింగ్ కిందే గేరు కడ్డీ ఉండే పాత బండి. పెళ్లివాళ్లను, కాన్పుకు పోయేవాళ్లను, సంచులతో సహా మిరపకాయల బేరగాళ్లను రాయచూరుకు చేర్చేవాడు. నేను డిప్లొమా ముగించి ఇంటికి వచ్చిన ఏడాది, ఒక ఉదయం ఆయన బండి దిగి, "ఏందిరా, గేరు గిట్ల గట్టిగ పడుతుంది, జర చూడు" అన్నాడు. అంతవరకు నన్ను స్పానర్ ముట్టనివ్వని మనిషి నోటితో అడగడం నాకు డిప్లొమా పట్టా కన్నా ఎక్కువైంది. రూళ్ల నోటుబుక్కు తెచ్చి, తేదీ వేసి, కారణాలు వరసగా రాశాను: గేర్‌బాక్స్ నూనె, గేరు కడ్డీ బుష్‌లు, క్లచ్ నూనెలో గాలి, క్లచ్ ప్లేటు. నాయన నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇంజనీరు సాబ్, బండి బాగు చేస్తవా, పంచాంగం రాస్తవా?" అని నవ్వాడు.

పద్ధతి ప్రకారమే పోయాను. ఇంజన్ ఆపి గేర్లు మార్చితే మెత్తగా పడ్డాయి, కాబట్టి గేర్‌బాక్స్ లోపల తప్పు లేదు. ఇంజన్ నడుస్తుండగా నేను క్లచ్ తొక్కి మార్చినా మెత్తగానే పడ్డాయి. ఆయన తొక్కితే మాత్రం గరగరలాడాయి. వంగి చూస్తే ఆయన కాలి కింద పెడల్ చివరిదాకా పోవడం లేదు. "నాయినా, క్లచ్ సగమే తొక్కుతున్నవ్" అన్నాను. "ముప్పై ఏండ్ల సంది తొక్కుతున్న కాలు ఇది. దానికి నువ్వు సబక్ చెప్తవా?" అన్నాడు. ఐదో కారణంగా 'డ్రైవర్ అలవాటు' అని రాసి, కింద గీత గీశాను.

మనిషి అలవాటు మాన్పలేనప్పుడు బండినే దానికి తగ్గట్టు మార్చాలనుకున్నాను. తక్కువ తొక్కినా క్లచ్ విడిపోయేటట్టు దాని కడ్డీని రెండు చుట్లు బిగించాను. నెల తిరగ్గానే మళ్లీ గట్టిగా ఉందన్నాడు. మళ్లీ రెండు చుట్లు బిగించాను. ఇక బిగించే వీలు లేనప్పుడు, కాలు అంతగా చాచనక్కర లేకుండా తుమ్మచెక్క ముక్కను చెక్కి, పైన టైరు రబ్బరు అంటించి, తీగతో పెడల్‌కు కట్టాను. నాయన ఒక చుట్టు నడిపి వచ్చి నా వీపు తట్టి, ఎదుటి హోటల్లో టీ తాగుతున్న వాళ్లందరినీ పిలిచి ఆ చెక్కను చూపించాడు. నా జన్మలో అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ రోజుల్లోనే అమ్మ వాకిట్లో చెప్పులు సర్దుతూ, నాయన ఎడమ చెప్పు ముందుభాగం ఒక్కటే అరిగిపోవడం చూసి, "కాలికేమైంది, ఈడ్చుకుంట నడుస్తున్నవ్?" అని అడిగింది. "పాత చెప్పు, గంతే" అన్నాడాయన. నేనక్కడే ఉన్నాను. నాలుగు టైర్ల అరుగుదల కొలిచి నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

చెక్క కట్టిన ఏడు నెలలకు కల్మల ఊరి దగ్గర, టీ తాగుదామని బండి దిగిన నాయన దిగినచోటే కూలబడ్డాడు. ఎడమ కాలు నిలవలేదు. రాయచూరులో పెద్ద డాక్టరు నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, ఆపరేషన్ చేసినా పోయిన బలం తిరిగి రాదేమోననీ చెప్పి, ఇది ఎప్పుడు మొదలైందని కన్నడంలో అడిగాడు. కన్నడం బాగా వచ్చిన నాయన, నా ముఖం చూడకుండా, "గేరు గట్టిగ పడబట్టినప్పటి సంది" అని తెలుగులో అన్నాడు. ఆ మాట డాక్టరుకు నేనే చెప్పవలసి వచ్చింది. ఆయనకు తేదీ కావాలి. తేదీ నా దగ్గరే ఉంది. ఏ రోజు ఎన్ని చుట్లు బిగించానో, చెక్క ఎప్పుడు కట్టానో, అంతా వరసగా నా చేతిరాతలో ఉంది. "అప్పుడే వచ్చి ఉంటే" అని డాక్టరు ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

నిన్నటి కారు యజమానిని ముందుగా వర్క్‌షాపు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి చూపించమన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, చక్కగా నడిచాడు. క్లచ్ ప్లేటు అరిగింది, అంతే. సాయంత్రానికి బండి బాగై వెళ్లిపోయింది.

ఇప్పటి బళ్లలో చాలావాటికి క్లచ్ పెడలే ఉండదు, ఎడమ కాలితో పనే లేదు. అలాంటిదొకటి పాతది కొని, ఎడమ కాలి బలం తిరిగిరాని నాయనను నడపమని బతిమాలాను. స్టీరింగ్ ముందు కూర్చొని, లేని పెడల్ కోసం కాలితో కాసేపు తడిమి, "దీంట్ల తొక్కెటందుకేం లేదా?" అని, మెల్లగా దిగి పక్క సీటుకు మారాడు. పూర్వం ఊరి మలుపు దగ్గర గేరు మారిన చప్పుడు విని అమ్మ పొయ్యి మీద టీ పెట్టేది. ఇప్పుడు నా బండి ఎప్పుడు వచ్చి వాకిట్లో ఆగుతుందో ఆమెకు తెలియదు. ఆ మలుపు వచ్చినప్పుడల్లా నాయన చేయి ఎడమ మోకాలి మీదికి పోయి, గట్టిగా కిందికి నొక్కుతుంది. అప్పటికే గేరు దానంతటదే మారిపోయి ఉంటుంది.