నా ఒక్కడి బ్యాటరీల పెట్టె

ఫీజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మా సబేటో లోయకి కరెంటు ఇంకా రాలేదు. కోపాలకి మాత్రం ఏనాడూ కొరత లేదు. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా అరుపులు వినపడితే చెరుకు గురించో, పొలం గట్టు గురించో అనుకునేవారు. మా ఇంట్లో సగం గొడవలు బ్యాటరీల గురించే. నాయన టార్చికి బ్యాటరీలు కావాలి, అవ్వ రేడియోకి కావాలి, నేను కొత్తగా కొనుక్కున్న టేప్ రికార్డరుకి అందరికంటే ఎక్కువ కావాలి. దుకాణం నుంచి ఎప్పుడూ జతో, రెండు జతలో మాత్రమే వచ్చేవి. అవి పనిలేని చుట్టాల్లా ఇల్లంతా తిరిగేవి. పాట పెడదామని మీట నొక్కితే గాయకుడు జ్వరం వచ్చినవాడిలా నాలుగు మాటలు సాగదీసి ఊరుకునేవాడు. వెనక మూత తీస్తే నాయన టార్చిలోని ముసలి బ్యాటరీలు కనపడేవి. నావి అప్పటికి ఆయన చేతిలో చెరుకుతోట చుట్టూ తిరుగుతూ ఉండేవి.

"బ్యాటరీ కోన్ లిస్?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. ఎవరు తీశారో నాకు తెలుసు, ఇంటికి తెలుసు, పక్క పొలంవాళ్లకీ తెలుసు. (తెలుగు మేము అవ్వ దగ్గర, గుళ్లో మాట్లాడేవాళ్లం. కోపం మాత్రం ఫీజీ హిందీలోనే వచ్చేది.)

"ఏ, చిల్లావ్ మత్," అనేవాడు నాయన. "అడవిపంది చెరుకులో దూరితే నీ పాట వినిపించి తోలాలా?"

అవ్వ మాత్రం తెలుగులోనే తిట్టేది. "నీ పాట ఆగితే ఎవడూ సావడు రా. నా రేడియో ఆగితే సచ్చిందెవరో తెలీదు."

అందులో అతిశయోక్తి లేదు. అప్పట్లో మా వాళ్ల ఇళ్లలో టెలిఫోన్లు లేవు. ఎవరైనా పోతే ఆ కబురు సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో చదివేవారు: పేరు, ఊరు, బంధువుల పేర్లు, మర్నాడు ఎన్నింటికి శవం లేస్తుందో. ఆ కాసేపూ అవ్వ రేడియోని చెవికి ఆనించుకుని, దగ్గితే కూడా మమ్మల్ని కసిరేది. ఆమెకి మిగిలిన ఒక్క చెల్లెలు దీవికి ఆ చివర, రాకిరాకీ దగ్గర పెనాంగ్ చక్కెర మిల్లు పక్కన ఉండేది. ఆ చిన్నవ్వ అప్పటికే మంచాన పడింది. ముందు పోయినదానికి చివరి స్నానం మిగిలినది చేయించాలని వాళ్లిద్దరూ ఎప్పుడో ఒట్టు వేసుకున్నారు. అవ్వ ఈ మాట చెప్పినప్పుడల్లా నేను తల ఊపేవాణ్ణి. విన్నానని మాత్రం చెప్పలేను.

ఆ ఏడాదే నాకు నాందీ విమానాశ్రయం దగ్గరున్న ఒక హోటల్లో స్టోర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. అక్కడ సబ్బులు పెట్టెలతో దిగేవి, బల్బులు పెట్టెలతో దిగేవి. మా స్టోరులో అందరికంటే పెద్ద మాట 'బల్క్'. నెల తిరగకముందే నాకు జ్ఞానోదయమైంది: లోకంలో కలహాలన్నిటికీ మూలం జతల్లెక్కన కొనడమే. ఆ వారంలోనే నేను వేసిన కొత్త బ్యాటరీలు అవ్వ రేడియోలో దొరికాయి. ఆమెతో మాట్లాడకుండా నాందీ వెళ్లి, టోకు దుకాణంలో పెట్టెడు బ్యాటరీలు కొని, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి తెచ్చాను. నడింట్లో దింపి, "ఇవి నావి. నా ఒక్కడివి. ముట్టుకున్నవాళ్ల సంగతి చెప్తా," అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి చెవి పట్టుకుని బయటికి ఈడ్చాలనిపిస్తుంది.

అది వానాకాలం. మా లోయలో వానాకాలమంటే ఉప్పు నీరైపోతుంది, అగ్గిపుల్ల గీస్తే మెత్తగా విరుగుతుంది. అందుకని ప్రతి ఇంట్లోనూ కట్టెల పొయ్యి పైన ఒక అటక ఉండేది. చింతపండు, ఎండుమిరపకాయలు, అగ్గిపెట్టెలు, ఆఖరికి భూమి కాగితాలు కూడా ఆ వేడికి పొడిగా ఉండాలని అక్కడే పెట్టేవాళ్లం. నేనూ నా పెట్టెలోంచి టేప్ రికార్డరుకి కావలసినవి తీసుకుని, మిగతాదంతా అటకెక్కించాను.

"అవి మిరపకాయలా రా, సెగ పెట్టడానికి?" అంది అవ్వ.

"డ్రై బ్యాటరీ, అవ్వా. డ్రైగా ఉండాలి," అన్నాను, హోటల్లో పనిచేసేవాడి ఠీవితో.

కొన్నాళ్లకి అవ్వ రేడియో దోమలా సన్నగా పాడసాగింది. "రెండియ్యి రా. మీ నాయన దుకాణానికి పోయినప్పుడు నీయి నీకిచ్చేస్తా," అని అడిగింది. నాకు పాత కోపాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఇన్నాళ్లూ తీసినవన్నీ ముందు తెచ్చి ఇక్కడ పెట్టండి, అప్పుడు చూద్దాం," అన్నాను. అవ్వ రేడియోలోని బ్యాటరీలు తీసి రేకుల కప్పు మీద ఎండకి పెట్టింది. అలా పెడితే వాటికి కాస్త ప్రాణం వచ్చేది. ఆ సాయంత్రం వార్తలు మొదలయ్యేదాకా ఆ ప్రాణం నిలిచింది, తర్వాత పోయింది. మూగబోయిన రేడియోని చెవికి పెట్టుకుని ఆమె అలాగే కూర్చుంది. పక్క గదిలో నా టేప్ రికార్డరు పూర్తి గొంతుతో పాడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున డ్యూటీకని బస్సెక్కబోతుంటే డ్రైవరు విసుక్కున్నాడు. "అరే భయ్యా, నీకు సిగ్గుందా? పెనాంగ్‌లో మీ ఆజీ చెల్లెలు పోతే డ్యూటీకి జాతా?"

"ఎవరు చెప్పారు?"

"కోన్ అంటావేంటి? నిన్న సాంజ్‌కి రేడియోలో బోలిస్. ఫీజీ మొత్తం విన్నాది. పదకొండుకి తీస్తారంట."

బస్సంతా నా వంక చూసింది. బస్సంతటికీ తెలుసు, మా ఇంట్లో రేడియో ఉంది కాబట్టి మాకూ తెలుసనుకున్నారు.

ఇంటికి పరుగెత్తాను. అవ్వ కొబ్బరి కోరుతోంది. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, అటకెక్కి, పెట్టె లాగాను. (బ్యాటరీలు ఇచ్చేస్తే నిన్నటి సాయంత్రం తిరిగొస్తుందనుకున్నానో ఏమో.) పెట్టె అడుగు అటకకే అంటుకుపోయింది, పైది నా చేతుల్లోకి వచ్చింది. సెగకి బ్యాటరీలన్నీ ఉబ్బి, పగిలి, నల్లటి జిగురు కార్చి, తెల్లటి బూజు పట్టి ఉన్నాయి. "ఇప్పుడెందుకు దించావు రా?" అని అవ్వ అడిగింది. అప్పుడు చెప్పాను. కొబ్బరికోరాం మీదినుంచి ఆమె లేవలేదు. నాయన మాత్రం పెట్టెని కాలితో తన్నాడు. "అబ్ దేతా? ఇప్పుడిస్తున్నావా? ఆమె సచ్చినాక?"

మా అన్నకి చెరుకు తోలే లారీ ఉండేది. అవ్వ, నాయన ముందు కూర్చున్నారు. నన్ను వెనక వానలో నిలబెట్టారు. లౌటోకా దాటి, బా దాటి, తావువా దాటినా లారీ ముందు క్యాబిన్‌లో నా మీద తిట్లు ఆగలేదు. క్యాబిన్ వెనక కిటికీకి అద్దం లేకపోవడంవల్ల ఒక్కటీ పోకుండా వినగలిగాను.

మిల్లు పొగగొట్టం కనపడేసరికే ఆలస్యమైపోయింది. మగవాళ్లు శవాన్ని తీసుకుని వెళ్లిపోయారు. మాలో ఆడవాళ్లు కాటికి వెళ్లరు. అంటే అవ్వకి ఇక చెల్లెలి మొహం చూడటమన్నది లేదు. చిన్నవ్వ కోడలు, నాకు పిన్ని, గుమ్మంలోనే ఎదురొచ్చి మండిపడింది. "ఇప్పుడా పెద్దత్తా రావడం? మబ్బు చూసి పంతులు తిడుతున్నా గంట ఆపించాం. ప్రతి బండి చప్పుడికీ నువ్వేనని లేచాం. నీళ్లు నేనే పోశా. మీ ఇంట రేడియో లేదా?"

"రేడియో ఉంది," అంది అవ్వ. "ఈడు కూడా ఉన్నాడు. పెట్టెడు బ్యాటరీలు పెట్టుకుని, నాకు రెండియ్యనన్నాడు."

ఏడుస్తున్న ఆడవాళ్లందరూ ఏడుపాపి నన్ను చూశారు. మూలనున్న ఒక ముసలామె కళ్లు తుడుచుకుంటూ, "పెట్టెడెందుకు రా? పోయేటప్పుడు చితిలో పెట్టించుకుంటావా?" అంది. ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే మళ్లీ ఏడుపందుకున్నారు. ఉక్రోషం పట్టలేక నేను, "అవన్నీ ఎప్పుడో పాడైపోయాయి. ఇచ్చినా రేడియో పలికేది కాదు," అన్నాను. (నా టేప్ రికార్డరులోవి దివ్యంగా ఉన్న సంగతి ఆ వాదనలో ఎత్తలేదు.)

"ఇచ్చి ఉంటే, అది పలక్కపోతే, బ్యాటరీని తిట్టుకునేదాన్ని రా," అంది అవ్వ. "ఇప్పుడు నిన్ను తిట్టుకోవాల."

మాట ప్రకారం తిట్టింది కూడా. ఊరికే తిడితే తేలిగ్గా పోయేది. రోజూ సాయంత్రం రేడియో నా చేతికిచ్చి ఎదురుగా కూర్చునేది. "నువ్వే విను. నువ్వే చెప్పు. ఒక్క పేరు వదిలితే చూడు." అలా ఆమె ఉన్నన్నాళ్లూ దీవిలో పోయిన ప్రతివాడి పేరూ, బంధువుల వరుసతో సహా, అప్పజెప్పాను. మొదట్లో పళ్లు కొరుక్కుంటూ చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత, ఎవరైనా తెలిసినవాళ్లు పోతే, ఎలా చెప్పాలా అని గొంతు సర్దుకోవడం మొదలుపెట్టాను. అది చూసి కూడా అవ్వ మెచ్చుకోలేదు. "నసక్కుండా చెప్పు," అనేది.

కొన్నేళ్లకి అవ్వే పోయింది. రేడియోకి కబురిచ్చి వస్తూ నాకు ఒకటే గుబులు: ఎవరి ఇంట్లోనైనా బ్యాటరీలు అయిపోయి ఉంటే? అవ్వ పేరు ఎవరికైనా వినపడకపోతే? దుకాణానికి పోయి ఉన్న బ్యాటరీలన్నీ మళ్లీ పెట్టెతోనే కొన్నాను. లోయలో ఇంటింటికీ తిరిగాను. ఒక్క ఇంట్లోనూ మనిషి లేడు. గుమ్మానికో జత నిలబెట్టి వచ్చాను. తిరిగొచ్చి చూస్తే లోయ మొత్తం మా వాకిట్లోనే ఉంది. మగవాళ్లు చాపల మీద యాంగోనా వేరు కలిపిన నీళ్ల గిన్నె చుట్టూ, ఆడవాళ్లు లోపల అవ్వ చుట్టూ. వాళ్లకి రేడియో చెప్పవలసింది ఏముంది? "అవ్వని ఇక్కడ పెట్టుకుని ఎక్కడికి పోయావ్ రా, దొంగ సాలా?" అని అన్న అందరి ముందూ మీదికొచ్చాడు. పనుందన్నాను.

అంత్యక్రియలయ్యాక అసలు గొడవ లేచింది. ఎవరో ప్రతి గుమ్మంలోనూ జంటగా ఏదో నిలబెట్టి పోయారని, చావు జరిగిన రోజే పెట్టారు కాబట్టి అది ఖచ్చితంగా చేతబడేనని లోయ అట్టుడికిపోయింది. ఒకాయన వాటిమీద పసుపునీళ్లు చల్లించాడు. ఇంకొకాయన కర్రతో తోసి వాగులో పారేశాడు. మాటవరసకి ఒక్కరు కూడా వాటిని రేడియోలో వేసుకోలేదు. సాయంత్రం పెద్దమనుషులు మా వాకిట్లో చేరి, ఈ పని చేసిన మంత్రగాడు దొరికితే కాళ్లు విరగ్గొట్టాలని తీర్మానించారు. నేనూ వాళ్ల మధ్యే కూర్చున్నాను. నిజం చెబుదామని నోరు తెరిచాను కూడా. కానీ తెరిచిన నోట్లోంచి వచ్చింది వేరు. ఆ రోజు ఆ మంత్రగాణ్ణి అందరికంటే గట్టిగా తిట్టింది నేనే.