మామ్మ ఆగని గుమ్మం

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. చిన్నప్పుడు ఎవరైనా తోటలో ఏదో కనబడిందని చెబితే మా అమ్మ చీపురు తీసుకుని వెంటపడేది. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతుంటే వాళ్లకి మన కొబ్బరితోటల్లో తిరిగే పనేమిటని ఆవిడ వాదన. ఆ పెంపకంలో పెరిగినదాన్ని. కాబట్టి నేను చెప్పేది దెయ్యం కథ కాదు. ఇది పట్టపగలు, మా చర్చిలో, ముప్పై మంది మధ్య జరిగింది. అందుకే మర్చిపోవడం నాకు కుదరడం లేదు.

మాది సుమ్మాదేవి స్టేషనుకి సముద్రం వైపున్న ఊరు. పేరు చెప్పను, అక్కడి వాళ్లు ఇంకా ఉన్నారు. మా పేటలో అన్నీ బాప్టిస్టు కుటుంబాలే. ఒకటే వీధి, ఇరవై ఆరు ఇళ్లు. పైన బోరింగు దగ్గర మొదలై కింద సరుగుడు తోట దగ్గర అయిపోతుంది. మాది పంతొమ్మిదో ఇల్లు. ఇరవయ్యోది రూతుది. ఈ వరస కాస్త గుర్తుపెట్టుకోండి.

రూతు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. నన్ను వదినా అని పిలిచేది. దాని మొగుడు చెన్నైలో కట్టుబడి పనికి పోయి ఏడాదికోసారి వచ్చేవాడు. ఐదేళ్ల కూతురు, పేరు దీన. నేనూ రూతూ పొద్దున్నే పాసింజరెక్కి పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లం. పిక్క కొడితే కారే జీడినూనె చేతుల్ని తినేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా వేళ్ల నలుపు పోదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఆ నల్లటి వేళ్లతో రొట్టె ముక్క అందుకోవడానికి నాకు సిగ్గుగా ఉండేది. రూతు మాత్రం, "ఆయన సేతులకీ మచ్చలున్నాయి కదా వదినా" అనేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన ప్రకాశానికి కాళ్లు వాచడం మొదలైంది. కొబ్బరికాయల పీచు ఒలిచే పని ఆయనది. తాగుడు లేదు, బీడీ లేదు, షుగరు లేదు. టెక్కలిలో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ నాలుగు దాటిందన్నారు. మా ఉద్దానంలో ఆ మాటకి అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా వీధిలోనే అప్పటికి నలుగురు ఆ కిడ్నీ జబ్బుతో పోయారు. ఇవాళో రేపో విశాఖపట్నం వెళ్లి డయాలిసిస్ చేయించుకోవాల్సి వస్తుందన్నాడు డాక్టరు. వారానికి రెండుసార్లు విశాఖపట్నం వెళ్లిరావడం మావల్ల అయ్యే పని కాదు. మందులతో పాటు మాకు మిగిలింది ప్రార్థన.

ప్రార్థనంటే మా ఊళ్లో ఎస్తేరు మామ్మే. ఆవిడ నలభై ఏళ్లు బైబిలు స్త్రీగా పనిచేసింది. చంకలో గుడ్డసంచీ, అందులో బైబిలు. గుమ్మం గుమ్మానికీ వెళ్లి వాక్యం చెప్పేది, రోగులకి ప్రార్థన చేసేది. ముసలితనంలో రెండు కళ్లూ పోయాయి. తిరగడం మానేసింది కానీ తిరగాలన్న అలవాటు పోలేదు. అందుకని శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, మధ్యాహ్నం వేళ, చాప మీద కూర్చుని వీధంతా నడిచేది. నిజంగా కాదు, ప్రార్థనలో. "ప్రభువా, నీ దాసురాలు బోరింగు దాటినాది, ఫలానా యింటి గుమ్మంలో నిలబడ్డాది, ఈ యింటిని కాయి" అనేది. మేమంతా ఆమేన్ అనేవాళ్లం. అలా ఒక్కో ఇంటి పేరూ చెప్పుకుంటూ సరుగుడు తోట దాకా వెళ్లేది. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. మామ్మ నడుస్తున్నప్పుడు దగ్గొచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లం.

నేను ఫ్యాక్టరీలో శుక్రవారాలు నాగా పెట్టడం మొదలుపెట్టాను. మేస్త్రీ తిట్టేవాడు. ఆ తిట్లు తినడానికి నాకేం బాధ లేదు. వారమంతా నాలో గూడు కట్టుకున్న భయం, మామ్మ మా గుమ్మంలో ఆగి ఆయన పేరు చెప్పగానే కాస్త దిగేది. ఆ కాస్తతోనే మళ్లీ శుక్రవారం దాకా బతికేదాన్ని.

ఒక శుక్రవారం మామ్మ ఏడో ఇంటిని వదిలేసింది. ఆరో ఇంటి నుంచి నేరుగా ఎనిమిదో ఇంటికి వెళ్లిపోయింది. ముసలావిడ, మర్చిపోయిందనుకున్నాం. సోమవారం ఆ ఇంటాయన కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయాడు. మూడు నెలల తర్వాత పద్నాలుగో ఇంటిని వదిలేసింది. వారం తిరక్కుండా ఆ ఇంట్లో పెద్దావిడ పోయింది.

ఆ తర్వాత శుక్రవారం ప్రార్థన రూపమే మారిపోయింది. ముందు ఉపవాస ప్రార్థనకి పదిమంది వస్తే గొప్ప. ఇప్పుడు చర్చి నిండిపోయింది. ఎవరి ఇంటి వంతు వస్తోందో వాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. పాస్టరు అయ్యగారికి కోపం వచ్చి, ప్రార్థనని సోదె చేయకండని ఆదివారం గట్టిగా చెప్పాడు. ఆయన మాట సబబే. చెట్టెక్కేవాడు పడతాడు, ముసలివాళ్లు పోతారు, మామ్మకి మతిమరుపు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ శుక్రవారం వచ్చేసరికి అందరికంటే ముందే వెళ్లి కూర్చునేదాన్ని.

ఎండాకాలం. ఆ రోజు గాలి లేదు. రూతు కూడా నాగా పెట్టి నా పక్కనే కూర్చుంది. మామ్మ పదహారు, పదిహేడు దాటింది. పద్దెనిమిదో గుమ్మంలో ఆగింది. ఆమేన్ అన్నాం. మామ్మ చెయ్యి ముందుకు చాపి గాలిలో తడిమింది. తర్వాత, "ప్రభువా, నీ దాసురాలు రూతమ్మ..." అంది.

నేను అరిచేశాను. "మా యిల్లు మామ్మా! ప్రకాశం! పెబువా, మా యిల్లు దాటీకు!" అని లేచి నిలబడ్డాను. అలా ఎవరూ ఎప్పుడూ చేయలేదు. రూతు నా చెయ్యి పట్టుకుంది. మామ్మ మొహం నా వైపు తిప్పింది. మళ్లీ గాలిలో తడిమి, "ఎనక్కొచ్చినాను పెబువా" అంది. ప్రకాశం పేరు చెప్పింది, కాయమంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది రూతే. నేను కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. మిగతా ప్రార్థన నాకు వినబడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో రూతు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. మామ్మ మా ఇంటి నుంచి నేరుగా ఇరవై ఒకటో ఇంటికి వెళ్లిపోయిందట.

"మరి నువ్వెందుకు అరవనేదే?" అన్నాను.

"ఒక్క పార్దనలో మామ్మని ఎన్నిసార్లు ఎనక్కి తిప్పుతాం వదినా. నాకేటయినాది, రాయినాగున్నాను" అంది.

నిజంగానే అలా ఉండేది. నా కంటే ఎక్కువ పిక్కలు కొట్టేది.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. శనివారం పొద్దున్న మామ్మ ఇంటికి బయల్దేరాను. రూతు పేరు చెప్పమని అడగాలి, అంతే. మామ్మ వాకిట్లో తాటాకు చాప మీద కూర్చుని ఉంది. నేను దడి అవతల ఆగిపోయాను. ఇంకోసారి నడిపిస్తే, ఈసారి మా గుమ్మం మళ్లీ తప్పిపోతే? ఆ ఆలోచన వచ్చింది. వచ్చే శుక్రవారం ఎలాగూ చెబుతుంది కదా అని నాకు నేనే చెప్పుకుని వెనక్కి వచ్చేశాను. మామ్మ నా అడుగుల చప్పుడు విన్నట్టే ఉంది. పిలవలేదు.

బుధవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో రూతు వాంతి చేసుకుని పడిపోయింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి ఊపిరి అందడం లేదు. సాయంత్రం పాసింజరు వేళకి పోయింది. రెండు కిడ్నీలూ ఎప్పుడో పాడయ్యాయని, ఇన్నాళ్లు ఎలా పనిచేసిందో తెలియడం లేదని డాక్టరు అన్నాడు. రూతు ఏనాడూ రక్తపరీక్ష చేయించుకోలేదు. దాని నల్లటి వేళ్లు నేనే కడిగాను. పోలేదు.

సమాధి అయిన మూడో రోజు మామ్మ దగ్గరికి వెళ్లి కాళ్ల మీద పడ్డాను. ఎందుకు వదిలేశావని అడిగాను.

"నాను వదలడవేటమ్మా," అంది మామ్మ. "నడిసెల్తుంటే కొన్నింటికాడ గుమ్మం ఉండదు. ఇసక తగులుతాది కాళ్లకి, ఉత్తి ఇసక. దాటీసి ఎల్తాను. మీ యింటికాడా ఇసకే తగిలినాది. నువ్వరిసినావని తడిమితే తలుపు దొరికినాది. దొరికినందుకు దేవుణ్ణి తలుసుకో. మరింకేటీ అడక్కు."

ప్రకాశం బతికాడు. ఇది మాత్రం కాగితాల మీద ఉంది. నాలుగు దాటిన క్రియాటినిన్ నాలుగేళ్ల పాటు అక్కడే నిలబడిపోయింది. డాక్టరు రెండు చోట్ల మళ్లీ పరీక్ష చేయించి చూసి, అదృష్టం అన్నాడు. చర్చిలో అందరూ సాక్ష్యం చెప్పమన్నారు. నేను లేచి, దేవుడు మా ఆశని వమ్ము చేయలేదని చెప్పాను. అది అబద్ధం కాదు. రూతు సంగతి వదిలేసి చెప్పాను, అంతే. నాకు దేవుడి మీద నమ్మకం పోలేదు. మొహం చాటేసే నమ్మకం నాది. దీన తండ్రి చెన్నై మానేసి వచ్చి ఇరవయ్యో ఇంట్లోనే కూతురితో ఉన్నాడు. దీన పొద్దుటి గంజి మా ఇంట్లోనే తాగేది. దాని గిన్నెలో గంజి పోసేటప్పుడల్లా దడి అవతల నిలబడ్డ శనివారం గుర్తొచ్చేది.

రెండేళ్లకి మామ్మ ప్రశాంతంగా కన్ను మూసింది. నడిచే పని నన్ను చేయమన్నారు ఆడవాళ్లు. వరస నీకే బాగా తెలుసన్నారు. కాదనలేకపోయాను. కళ్లు మూసుకుని బోరింగు దగ్గర మొదలుపెట్టేదాన్ని. నాకు గుమ్మాలు గానీ ఇసుక గానీ ఏవీ తగిలేవి కావు. కళ్లు మూస్తే చీకటి, నోటికొచ్చిన వరస, అంతే. దాంతో నాకు ధైర్యం వచ్చింది. అదంతా ముసలావిడ భ్రమే అనుకున్నాను.

మరో రెండేళ్లకి, ఒక శుక్రవారం ప్రార్థన ముగించి ఇంటికి వచ్చాను. ప్రకాశం చర్చి బయట మెట్టు మీద కూర్చుని విని నా కంటే ముందే ఇల్లు చేరాడు. డాక్టరు కొలిచి తాగమన్న నీళ్లు చిన్న చెంబులో పోసుకుని కూర్చున్నాడు.

"ఏటే, ఇయాల మనింటికాడ ఆగనేదు?" అన్నాడు, మామూలుగా.

ఆగానన్నాను. నాకు బాగా గుర్తుంది. ఆయన పేరు చెప్పాను, ఆమేన్ విన్నాను. నేను బయటికి పరుగెత్తి ఎదురింటి ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కళ్లు దించుకుంది. ఇంకో ఇద్దరిని అడిగాను. మేమూ విన్నాం, నువ్వు ఆగలేదన్నారు.

చర్చికి తిరిగి వెళ్లడానికి ఇంట్లోకి వచ్చి తల మీద వేసుకునే ముసుగు గుడ్డ అందుకున్నాను. ప్రకాశం నా చెయ్యి పట్టుకున్నాడు.

"కూకో," అన్నాడు. "ఒకసారి ఎనక్కి తిప్పినావు, సాలు. మన తరవాత ఏ యిల్లున్నాదో నీకు తెల్దేటి?"

అరుగు మీద దీన గట్టిగా ఎక్కాలు చదువుతోంది. నేను కూర్చున్నాను. శనివారం సంగతి ఆయనకి నేను ఎన్నడూ చెప్పలేదు. అదీ ఆయనకి తెలుసేమో అనిపించింది.

ఆ నాలుగు రోజులూ ఇద్దరం కలిసి ప్రార్థన చేశాం. బతికించమని ఆయన ఒక్కసారీ అడగలేదు. ఇచ్చినదానికి వందనాలు చెప్పాడు, దీనని కాయమన్నాడు. నేను కూడా మొదటిసారి రూతు పేరెత్తి, క్షమించమని పైకే అడిగాను. ఏడ్చాను, కానీ భయం వేయలేదు. నాలుగేళ్లలో భయం లేకుండా నిద్రపోయింది ఆ నాలుగు రాత్రులే. మంగళవారం మధ్యాహ్నం ఆయన నిద్రలోనే వెళ్లిపోయాడు.

దీనకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇరవయ్యో ఇల్లు స్లాబు వేసుకుంది. శుక్రవారం నడక ఇప్పటికీ నాదే. ఆ ఇంటి పేరు రెండుసార్లు చెబుతాను, ఎందుకని ఎవరూ అడగరు.

ఆ రోజు మా గుమ్మంలో నేను ఆగానా లేదా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. నా చెవులు ఆగావంటాయి, విన్నవాళ్లంతా ఆగలేదంటారు. ఒక్కటి మాత్రం ఆయనకి కూడా చెప్పలేదు. ఆ శుక్రవారం ప్రార్థన ముగించి చాప మీంచి లేచినప్పుడు, సిమెంటు గచ్చు మీద చాప వేసుకుని కూర్చున్న నా అరికాళ్లకి ఇసుక అంటుకుని ఉంది. దులుపుకుని ఇంటికి వచ్చాను.