పెనాల్టీ చూడలేని కోచ్

బిట్రగుంట స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనున్న నడివయసు మనిషి ఉన్నట్టుండి తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో ఫుట్‌బాల్ ఆట లైవ్‌లో వస్తోంది.

"అక్కా, మీరు చూసి చెప్పండి. నా వల్ల కాదు."

ఆయన జువ్వలదిన్నె ఫుట్‌బాల్ జట్టు కోచ్ అట. జట్టులో అందరూ చేపల వేటకెళ్లేవాళ్లే. పోయిన ఏడాది ఒక్క ఆటా గెలవని జట్టును ఆయన చేతికిచ్చారు. ఇంట్లో అవసరం పడి ఆయన ఈ రోజు మైదానానికి వెళ్లలేకపోయాడు.

"ఇది గెలిస్తే లీగ్‌లో నిలబడతాం. లేకుంటే క్లబ్బు మూసేస్తారు."

మనవాళ్లు ఒక గోల్ ముందున్నారు. ఆఖరి నిమిషంలో అవతలివాళ్లకు పెనాల్టీ దొరికింది. ఆయన గోడవైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. అవతలి ఆటగాడు పరుగెత్తుకొచ్చి బలంగా తన్నాడు.

"పట్టేశాడు! మన గోల్‌కీపర్ పట్టేశాడు!" ప్లాట్‌ఫారమంతా వినబడేలా అరిచాను.

"ఏ పక్కకి దూకినాడక్కా?"

"ఎడమకి!"

"ఎప్పుడూ కుడికే దూకేవాడు. ఎడమకి దూకేది నేర్పేదానికి ఆర్నెల్లు పట్టిందక్కా!" నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆట ముగిసింది, మనవాళ్లు గెలిచారు. ఫోన్ తిరిగిచ్చేసరికి ఆయన రైలొచ్చింది. కదులుతున్న రైలు తలుపు దగ్గర నిలబడి, "ఆదివారం మా ఊళ్లో ఆట ఉంది, రండక్కా!" అని కేకేశాడు.

ఫుట్‌బాల్ ఎంతమంది ఆడతారో కూడా తెలియని నేను, ఆ ఆదివారం జువ్వలదిన్నె బస్సెక్కాను.