జుబేదక్క చెప్పించిన ఆఖరి మాట

కువైట్‌లోని సబా అల్ సలేంలో మా వీధి పనివాళ్లంతా జుబేదా బీ గురించి ఒక కథ చెప్పుకుంటారు. చెత్త సంచులు పెట్టడానికి వెనక గేటు దగ్గరికి వెళితే నాకే చెబుతారు, అదేదో నాకు తెలియనట్టు. పోయే ప్రాణాన్ని పట్టుకుని ఉన్న ముసలావిడ చేత జుబేదా బీ కలిమా చదివించిందనీ, ఆ పవిత్రమైన మాట అంటూనే ఆవిడ కన్నుమూసిందనీ. అది జరగలేదు. ఆ వేళ గుమ్మంలో సూప్ గిన్నె పట్టుకుని నిలబడ్డదాన్ని నేను. నా పేరు వెంకటదుర్గ, మాది అమలాపురం దగ్గర, ఆ ముసలావిడ ఇంట్లో వంట నాది. తెలుగులో చెబుతున్నాను కాబట్టి ఇది ఆ ఇంటివాళ్ల చెవిన పడదు. పడకూడదు కూడా.

జుబేదక్కది రాయచోటి. భర్త అల్లాబకష్ ఆటో తోలేవాడు, వయసులోనే పోయాడు. కొడుకు వసీమ్‌ను తన తల్లి దగ్గర వదిలి ఇళ్లలో పని వీసా మీద వచ్చింది. వాడు పెరిగి బెంగళూరులో మెకానిక్ అయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు. ఆమె మాత్రం ఆ ఇంట్లోనే, ఆ ముసలావిడ మంచం పక్కనే పరుపు వేసుకుని ఉండిపోయింది. మనిషి సన్నగా, గట్టిగా ఉండేది. కోపం వస్తే మాట్లాడేది కాదు, బట్టలు ఉతికేది. ఆమెకు ఒకటే కోరిక, మక్కాకు పోయి ఉమ్రా చేయాలని. కువైట్ నుంచి బస్సులు పోతూనే ఉంటాయి. ప్రతి రంజాన్‌కూ పోతాననేది, ప్రతి రంజాన్‌కూ ఆ ముసలావిడకు ఏదో ఒక జబ్బు.

ఆ ముసలావిడను మేం మామా కబీరా అనేవాళ్లం, అంటే పెద్ద అమ్మగారు. ఆమె అరబ్బు కాదు. కొలంబియా మనిషి. మాడ్రిడ్‌లో చదువుకునే రోజుల్లో ఒక కువైటీని ప్రేమించి, మతం పుచ్చుకుని, ఈ ఎడారికి కాపురానికి వచ్చింది. ఆమె చదివింది కవిత్వం. నూట పాతికేళ్ల కిందట వాళ్ల స్పానిష్‌లో కొందరు కుర్ర కవులు పుట్టుకొచ్చారట. పాత పద్యాల బిగువు వదిలించి, మాటను పాటలా మోగించి, హంసలూ రాజకుమార్తెలూ నీలాకాశాలూ అంటూ ఊరంతా ఊగిపోయేలా రాశారట. దాని పేరు మోడర్నిస్మో అని చెప్పింది. మాకూ భావకవిత్వమని ఒకటుందండి, మా ఇంటర్ మాస్టారు అది చెబుతూ ఏడ్చేవారు అన్నాను. మామా కబీరా నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆమె గదిలో ముగ్గురు మీసాల మనుషుల ఫొటోలు ఉండేవి. ఒకాయన నిండా ముప్పై ఒక్కేళ్లు రాకముందే గుండెకు తుపాకి పెట్టుకున్నాడు. ఒకాయన తన దేశం కోసం యుద్ధానికి పోయి చచ్చిపోయాడు. ఒకాయన తాగి తాగి పోయాడు. వాళ్లు కవులని తెలియక, మామా వాళ్ల తాతా నాన్నా అన్నా అనుకుంది జుబేదక్క. వాళ్ల పేరున ప్రతి గురువారం సాయంత్రం వంటింటి మూల ఇంత తీపి చేసి, ఊదొత్తి వెలిగించి, పోయినవాళ్ల శాంతికి ఫాతెహా చదివేది. ఇంటివాళ్లకు తెలిస్తే ఇవేం పద్ధతులని తిడతారు. అందుకని నన్ను కాపలా పెట్టేది.

"వాళ్లు చుట్టాలు కాదక్కా, పద్యాలు రాసేవాళ్లు. ఆవిడకేమీ కారు," అన్నాను నవ్వాపుకోలేక.

"పద్యాలు రాసేటోళ్లకు మాత్రం సావు ల్యాదా అమ్మి? ఈ దేశంలో వాళ్ల కోసరం ఎవురుండారు చదివేదానికి?" అంది. ఫాతెహా మానలేదు.

మామా కబీరాకు మతిమరుపు మొదలయ్యాక ఆ పద్యాలే మిగిలాయి. ముందు కొత్త సంగతులు పోయాయి, తరువాత అరబ్బీ పోయింది, ఆ తరువాత ఇంగ్లీషు. కొడుకు ఖాలిద్ వచ్చి అరబ్బీలో పలకరిస్తే కొత్తవాణ్ని చూసినట్టు చూసేది. అతను నలభై ఏళ్లవాడు, గడ్డం ఉన్న పెద్దమనిషి. కారిడార్‌లోకి వచ్చి గోడవైపు తిరిగి నిలబడేవాడు. తల్లి భాష అతనికి రాదు. పిల్లలకు నేర్పవద్దని అత్తవారు అన్నారని విన్నాను.

జుబేదక్కకు మాత్రం వచ్చింది. వచ్చిందంటే అర్థం తెలిసి కాదు. చిన్నప్పుడు రాయచోటిలో చదువు చెప్పే ఉస్తాద్ బీ ముందు మోకాళ్ల మీద కూచుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఖురాను అరబ్బీని ఒక్క ముక్క అర్థం తెలియకుండా నాలుకకు ఎక్కించుకున్న మనిషి ఆమె. ఈ పద్యాలనూ అలాగే ఎక్కించుకుంది. తల మీద కొంగు కప్పుకుని, ఊగుతూ. మామా నవ్వేది, మళ్లీ చెప్పించేది. చివరికి ఇద్దరికీ ఒక అలవాటైంది. మందు మింగించాలన్నా, స్నానానికి లేపాలన్నా జుబేదక్క ఒక పాదం సగం అనేది, మిగతా సగం మామా అందుకునేది. అందుకోగానే ఒళ్లు సడలేది, పిల్లలా మాట వినేది. డాక్టర్లకు లొంగని మనిషి దీనికి లొంగేది.

అందులో ఒకటి మామాకు మరీ ఇష్టం. మంచిగా ఉన్న రోజుల్లో నాకు అర్థం చెప్పింది. నీలం దీపం పట్టుకుని ఎవరో వస్తున్నారు, అని మొదటి సగం. తలుపు వేయకండి, అని రెండో సగం. ఆ కవుల్లో ఎవరిదో, వయసులో తానే రాసుకుందో చెప్పలేదు.

పోయిన చలికాలంలో ఆసుపత్రివాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తిండి ఆగిపోయింది, మాట ఆగిపోయింది. ఖాలిద్ పగలూ రాత్రీ తల్లి తల దగ్గరే కూచుని, అల్లా తప్ప దేవుడు లేడనే షహాదా చెబుతుండేవాడు. మన జుబేదక్క కలిమా అనేదీ అదే. పోయే మనిషి ఆ మాటతో పోవాలని వాళ్ల ఆశ. ఖాలిద్‌కు అది ఇంకో పదింతలు. ఎందుకంటే తండ్రి అక్కచెల్లెళ్లు పెళ్లయిన నాటి నుంచీ ఒకటే మాట. ఆమె పేరు మార్చుకుంది గానీ మనసు మార్చుకోలేదు, ఆమె నోట ఎప్పుడూ ఆ పాటలే అని. తల్లి ఆ మాటతో పోతే వాళ్ల నోళ్లు మూతపడతాయి. పోకపోతే అతను బతికినంతకాలం అనుమానంతో చావాలి. ఇంట్లో మా అందరికీ ఇది తెలుసు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజుకు అజాన్ వినిపించింది. మసీదు ఎదురుగానే. ఖాలిద్ లేచి, "నేను వచ్చేదాకా ఆపకు జుబేదా. చెవిలో చెబుతూనే ఉండు," అని వెళ్లాడు.

ఆమె ఆపలేదు. మెల్లగా, తడి దూదితో పెదవులు తడుపుతూ, కలిమా చెబుతూనే ఉంది. మామా పళ్లు బిగించింది. కళ్లలో భయం. ఎవరో తెలియని భాషలో తననేదో అడుగుతున్నారన్న భయం. ఊపిరి గరగరమంటోంది. జుబేదక్క నా వైపు చూసింది. "నోరు తెరస్తాలేదు అమ్మి. ముందు పద్యంతో తెరిపిస్తా, ఎనకనే కలిమా పెడతా," అంది. రోజూ మందు మింగించే పద్ధతే అది. ఆమెకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

వంగి, చెవి దగ్గర నీలం దీపం సగం పాదం అంది. మామా కబీరా మొహం విప్పారింది. పెదవులు కదిలాయి. నాకు స్పష్టంగా వినిపించింది, రెండో సగం. జుబేదక్క గబుక్కున కలిమా అందుకుంది. వినే మనిషి లేదు.

సూప్ గిన్నె కింద పెట్టేశాను. జుబేదక్క అలాగే వంగి, కలిమా చెబుతూనే ఉంది, చనిపోయిన చెవిలో.

ఖాలిద్ మెట్లెక్కి వచ్చాడు. తల్లి మొహం చూశాడు. ఆ మొహం అంత ప్రశాంతంగా ఉండి ఎన్నాళ్లయిందో. ఏడుస్తూ మోకాళ్ల మీద కూలబడి అడిగాడు, "చెప్పిందా? జుబేదా, అమ్మ షహాదా చెప్పిందా?"

"చెప్పింది బాబా."

"వల్లా?"

అంటే దేవుడి మీద ఒట్టా అని. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి, కూరగాయలవాడి దగ్గర కూడా ఒట్టు పెట్టని మనిషి.

"వల్లా," అంది.

నన్నెవరూ అడగలేదు. నేను హిందువును, వంటదాన్ని, నా సాక్ష్యం ఎవరికి కావాలి? అడగనందుకు ఆ రోజు దేవుడికి దండం పెట్టుకున్నాను.

పరామర్శ మూడు రోజులూ ఆడవాళ్ల హాలు నిండిపోయింది. గహ్వా కాఫీ, ఖర్జూరాలు మోయలేక నా నడుం విరిగింది. ఖాలిద్ అత్తలు జుబేదక్కను పక్కన కూచోబెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ చెప్పించారు. ఎలా చెప్పింది, సాక్ష్యంగా వేలు పైకెత్తిందా, మొహంలో వెలుగు వచ్చిందా? ఆమె తల దించుకుని ఊఁ అనేది. ఆ ఊఁకు వాళ్లే చిలవలు పలవలు చేర్చారు. ఇన్నాళ్లూ మామాను ఆడిపోసుకున్నవాళ్లే గుండెలు బాదుకుని ఎంత పుణ్యాత్మురాలు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఆవిడ భాషను ఇంట్లోకి రానివ్వలేదు. చచ్చేటప్పుడు ఆవిడ అన్న మాటను కూడా ఉండనివ్వలేదు. దాన్ని తాళం వేసి దాచింది మా జుబేదక్క నోరే. ఎవరిని తిట్టాలో తెలియక గిన్నెల మీద చూపించాను కోపం.

నాలుగో రోజు గది సర్దారు. బొమ్మలున్న గదిలోకి దేవదూతలు రారని ఆ ముగ్గురి ఫొటోలూ తీసేశారు. ఇంటి పని పూర్తి చేసుకుని నేను కిందికి వచ్చేసరికి పుస్తకాల పెట్టెలు కూడా బండెక్కాయి. జుబేదక్క వద్దనలేదు. ఏ నోటితో వద్దంటుంది? ఆ రోజంతా బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ ఉతికింది.

నెల తిరిగాక ఖాలిద్ వంటింట్లోకే వచ్చాడు. అతను ఎప్పుడూ రాడు. "నిన్ను ఉమ్రాకు పంపుతున్నాను జుబేదా. మా అమ్మ చేత ఆ మాట చెప్పించిన నాలుక నీది. అక్కడ నిలబడి మా అమ్మ కోసం దువా చెయ్యి," అన్నాడు.

ఎన్నేళ్ల కోరిక! నేను సంతోషంతో ఆమె భుజం పట్టుకున్నాను. ఆ భుజం కర్రలా ఉంది.

"మోకాళ్లు నొప్పులు బాబా. నడవలేను."

మర్నాడు చక్రాల కుర్చీ మాట్లాడి వచ్చాడు. పాపం, మంచివాడు. వెంట మనిషిని కూడా పంపుతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, "నన్ను ఖలాస్ మీద, మళ్లీ రాకుండా, ఇంటికి పంపు బాబా," అంది. అతను ఎంత బతిమాలినా మాట మార్చలేదు. తన తల్లి లేని ఇంట్లో ఉండలేకపోతోందని అతనే సర్దిచెప్పుకుని, ఏడ్చి, టికెట్ తీశాడు.

ఆమె వెళ్లే ముందు రోజు గది తలుపు దగ్గరకు వేసి నిలదీశాను.

"ఎందుకు పోవక్కా? ఇన్నేళ్లు ఏడిచావు కదా దానికోసం!"

"అల్లా ఇంటి ముందర నిలబడి ఏమని సెప్పేది అమ్మి? ఆయన పేరు మీదనే కదా అబద్ధం ఆడినా."

"అయితే ఖాలిద్‌కి నిజం చెప్పెయ్. చెప్పేసి, నిమ్మళంగా మక్కా పోయిరా. నీ నోట రాకపోతే నేనే చెప్తా అతనికి, ఆయ్, నాకేం భయం?"

జుబేదక్క నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. సబ్బు నీళ్లకు ఒరుసుకుపోయిన చెయ్యి.

"సెప్తే ఆ పిల్లోడు ఏడుస్తాడు. సెప్పకపోతే నేను ఏడుస్తా. వానికింకా శానా బతుకుండాది. నేనైతే కొన్ని దినాలు ఏడ్చి పోతా."