కూజా అడుగున

రోజీకి మట్టిపని నేర్పింది ఫోన్లో వీడియోలే. గుండ్లపోచంపల్లిలో తన మిద్దె మీద చిన్న కరెంటు బట్టీ పెట్టుకుంది. ఏ మట్టి పగలదు, ఎంత వేడి కావాలి అని సామానమ్మే దుకాణమాయనను అడిగి అడిగి సతాయించేది. బట్టీ వేడికి కుండల మీద మెరుపుకు వేసే పూత కరగడం లేదని మొత్తుకుంటే ఆయన ఒక పొడి ఇచ్చాడు. "మెరుస్తదా?" అని మాత్రం అడిగింది. మెరిసింది.

ఆ మురిపెంతో చర్చికి కూజా చేసిచ్చింది. నెలనెలా శనివారమే అందులో ద్రాక్షరసం పోసిపెట్టి, ఆదివారం ప్రభువు బల్ల ఆరాధనలో అందరికీ పంచేవాళ్లు.

ఏడాది తిరిగాక ఆ పొడిదే ఇంకో డబ్బా కొనబోతే, దేనికని అడిగాడు ఆయన. చర్చి కూజా సంగతి చెప్పింది.

"అయ్యో, దాంట్ల సీసం ఉంటదమ్మా! అది పూలకుండీలకు. పులుపు తగిలితే విషం దిగుతది."

"గా ముచ్చట అప్పుడే జెప్పనీకి నోరు రాలేదా?" అని అరిచింది రోజీ.

"నువ్వు అడగలే గదమ్మా."

ఉరికొచ్చి కూజాను చర్చి మెట్ల మీద పగలగొట్టింది. "ప్రార్థన జేసినదానికి ఏం గాదు బిడ్డా" అంది అత్త ఎలీషమ్మ. జనం తలా ఒక గుటకే తాగారు, నిజమే. కానీ కూజా కడిగేది రోజీ బిడ్డ, ఎనిమిదేండ్ల షైని. దేవుని రసం పారబోస్తే తప్పని, మిగిలిందంతా తాగినాకే కడిగేది.

అట్లా నేర్పింది రోజీయే.