యాదగిరి అన్న చెప్పిన ‘మొన్న’

యాదగిరి అన్న ఇక లేడన్న అశనిపాతం వంటి వార్త నాకు మిస్డ్ కాల్ రూపంలో వచ్చింది. ఆయన నంబరే కనుక తిరిగి చేసి, “ఏందన్నా, బ్యాలెన్స్ అయిపోయిందా?” అన్నాను. అవతల అంజమ్మ వదిన ఏడుస్తోంది. నేను వేసిన జోకులలో ఇంతకంటే నీచమైనది లేదనుకున్నాను. ఉంది. అది ఆ వారం మొదట్లోనే వేశాను.

అన్నది కార్వాన్ బస్తీ. కరెంటు లైన్‌మన్‌గా పనిచేస్తూ స్తంభం మీది నుంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని నాలుగేళ్లు చక్రాల కుర్చీలో గడిపిన ధీరోదాత్తుడు. ఈ మాట ఆయన ముందు అంటే చెప్పు వెతికేవాడు. నేను జహనుమా రోడ్డు మీద బైకు జారి, వెన్ను విరిగి అదే బాపతులో చేరాను. నడక నేర్పే రోబో యంత్రం కొత్తగా వచ్చిన ఒక ఆసుపత్రిలో మేమిద్దరం కలిశాం.

ఆ యంత్రం మనిషిని పట్టీలతో పైకి లేపి, కాళ్లకు చట్రాలు బిగించి, కదిలే పట్టా మీద అడుగులు వేయిస్తుంది. మొదటిరోజు గాలిలో వేలాడుతూ, “అన్నా, నడుస్తున్న!” అని అరిచాను.

“మిషిన్ నడుస్తున్నది తమ్మీ. నువ్వు ఊగుతున్నవ్. గొప్పలొద్దు,” అన్నాడు. కానీ నేను దిగేవరకూ నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

సూది గుచ్చినా తెలియని మా పాదాలు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. వైద్యులు దాన్ని నరాల నొప్పి అంటారు. అన్న ‘బామ్మర్ది’ అనేవాడు. “పిలువకున్నా వస్తడు, ఎల్లగొట్టినా పోడు.” ఈ మాట అన్నప్పుడల్లా వదిన చేతిలో తిట్లు తినేవాడు.

విజయవాడ వైపు నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు మేడమ్ ఒకసారి అన్నను అడిగారు: “మంట ఎప్పటి నుంచండీ?”

“మొన్నటి సంది, మేడమ్.”

ఆమె హడలిపోయారు. కొత్త నొప్పి అంటే, పలచబడ్డ ఎముక ఎక్కడ విరిగిందోనని యంత్రం ఆపించి ఎక్స్‌రే తీయించారు. ఎముకలు భేషుగ్గా ఉన్నాయి.

“మొన్న అన్నారు కదండీ?”

“గదే మేడమ్, పోల్ మీదికెల్లి పడ్డప్పటి సంది.”

మా దగ్గర గడిచిన కాలమంతా మొన్నే. ఆనాటి నుంచి మేడమ్‌కు దుబాసీని నేనే.

ఆ సోమవారం అన్న చెమటలు కక్కుతూ వచ్చాడు. కాళ్లు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. “బామ్మర్ది మస్తు లొల్లి చేస్తుండు మేడమ్. మొన్నటి సంది.”

మేడమ్ నా వైపు చూశారు.

“ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్, ఆయన మొన్నకు నాలుగేండ్లు,” అన్నాను.

గదంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. ఏదో చెప్పబోయి, మానేసి, పట్టీలు కట్టించుకున్నాడు.

బుధవారం చలిజ్వరం. గురువారానికి మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తానికి పాకిందన్నారు. శుక్రవారం పోయాడు. స్పర్శ లేని దేహంలో లోపలి జబ్బు ఒక్కోసారి పాత మంట పెరగడం వల్లనే బయటపడుతుందని డాక్టరు తర్వాత చెప్పారు. అన్న ఈసారి చెప్పిన మొన్న, అచ్చంగా మొన్నే. సోమవారమే గుర్తిస్తే బతికేవాడా అని నేను అడగలేదు. జవాబు వినే ధైర్యం లేదు. ఇప్పుడు నా పాదం మండితే, అది పాత మంటో కొత్తదో తేల్చుకోలేక గంటల తరబడి బిగుసుకుపోతున్నాను.

దినాల నాడు వదిన అడిగింది: “తమ్మీ, సోమారం నువ్వు పక్కనే ఉంటివి గద. ఏమన్న చెప్పిండా?”

“ఏం చెప్పలే వదినా. ఎప్పటి లెక్కనే నవ్విండు,” అన్నాను.

వదినా, చెప్పాడు. నేను నవ్వించి, వినేవాళ్లను కూడా విననివ్వలేదు.

ఆ పుణ్యమూర్తికి అంజలి ఘటించడానికి నా చేతులు బాగానే ఉన్నాయి. వదినా, ఈ నివాళి అచ్చయిన పత్రిక రాగానే తెచ్చి, నీకు నేనే చదివి వినిపిస్తాను. మీ గుమ్మానికి రెండు మెట్లున్నాయి. అన్న ఉండగా గల్లీలో నలుగురిని కేకేసి నా కుర్చీ ఎత్తించేవాడు. ఈసారి మెట్ల కింద నుంచే పిలుస్తాను. తలుపు తీయడం, తీయకపోవడం నీ ఇష్టం.