ఎర్రదారం మూట

నా చిన్నప్పుడు మేము రియాద్‌లో, మలాజ్‌లోని ఒక పాత మేడలో ఉండేవాళ్లం. మా నాన్న ఏసీలు బాగుచేసేవాడు. మాది కడప దగ్గర పల్లె. కింది వాటాలో మా పక్క ఊరాయన ఉండేవాడు, ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు. చుట్టం కాకపోయినా మా అమ్మను అక్కా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు. భార్యనూ కూతురినీ ఊళ్లో వదిలి వచ్చినవాడు, మమ్మల్ని చూసి ఆ బెంగ తీర్చుకునేవాడు.

మా మేడలో ఎవరు సెలవు మీద ఊరికి పోయినా అందరి ఇళ్లకూ సామాను మోసుకు రావాల్సిందే. కొందరు బరువు ఎక్కువైందని తప్పించుకునేవాళ్లు. మామకు కాదనడం రాదు. తన బట్టలు తీసేసి ఇంకొకరి ఊరగాయ పెట్టుకునే రకం. పైగా ఒకరిది ఒకరికి పోకూడదని ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారంతో మూట కట్టి తెచ్చేవాడు. మాది ఎర్రదారం. ఆయన పెట్టె తెరవగానే నేను దానికోసమే చూసేదాన్ని.

ఆ ఏడు ఆయన బయల్దేరేముందు మా అమ్మ గసగసాలు తెమ్మంది. కొబ్బరితో కలిపి నూరి వేస్తే తప్ప ఆమెకు మాంసం కూర కూరలా ఉండదు. రియాద్ అంగళ్లలో ధనియాలు, లవంగాలు అన్నీ దొరికేవి, ఇవి మాత్రం కనపడేవి కావు. ఎందుకు లేవో అడగాలని ఎవరికీ తోచలేదు, ఇక్కడివాళ్లకు వాటి రుచి తెలియదులే అనుకున్నారు. అమ్మ అడిగిందని తెలిసి మిగతా ఇళ్లవాళ్లూ మాకూ కాసిని అన్నారు. మామ నవ్వి సరేనన్నాడు.

ఆయన తిరిగి వచ్చే రోజు అమ్మ పొద్దున్నే మాంసం తెప్పించి పెట్టుకుంది. విమానాశ్రయానికి పోయిన నాన్న మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ఒక్కడే వచ్చాడు. చెప్పులు విడవకుండానే కూర్చుని, పెట్టెలో గసగసాలు దొరికాయని అధికారులు మామను పట్టుకుపోయారన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. వంటింటి దినుసుకు మనిషిని పట్టుకోవడమేమిటని అడుగుతూనే ఉంది.

పై వాటాలో హైదరాబాదు తాత ఉండేవాడు, ఒక వకీలు దగ్గర అరబ్బీలో కాగితాలు రాసే పని. ఆయన పోయి విచారించి వచ్చేసరికి మేడలోవాళ్లంతా మా హాల్లో చేరారు. గసగసాలు నల్లమందు మొక్క గింజలేనని, ఇక్కడి చట్టంలో రెండూ ఒకే వరసలో ఉన్నాయని ఆయన చెప్పాడు. తెలియక తెచ్చానంటే చెల్లదు. పైగా తనకోసం దగ్గర ఉంచుకోవడం ఒక నేరం, ఇతరులకు పంచడానికి తేవడం అంతకంటే చాలా పెద్ద నేరం, డబ్బు ముట్టకపోయినా సరే. ఇంట్లో వంటకని మామ ఎంత చెప్పినా వాళ్లు నమ్మడం లేదట. ఎందుకు నమ్మరని మా అమ్మ గట్టిగానే అడిగింది.

తాత మా వంటింట్లోంచి సోంపు తెప్పించి, కొంచెం కొంచెం తీసి గుడ్డపేలికల్లో చిన్న మూటలు కట్టాడు. అమ్మ కుట్టుపెట్టెలోని రంగురంగుల దారాలు చుట్టి వాటిని వరసగా పేర్చాడు. అప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఇవి జూస్తే నీకేమనిపిస్తది బిడ్డా?"

"అంగడి మాదిరి ఉండాది," అన్నాను.

అధికారులకూ అదే అనిపించిందని తాత మెల్లగా అన్నాడు. మామ అంత శ్రద్ధగా కట్టిన ప్రతి దారమూ ఆయన మీద సాక్ష్యమైంది. సరైన జవాబు చెప్పానని నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. అమ్మ ముఖం చూశాక అది పోయింది.

మూటలు ఎవరెవరివని అధికారులు అడిగితే అన్నీ నావేనని మామ చెప్పాడట. ఒక్క ఇంటి పేరూ బయటపెట్టలేదు. నేను పోయి మా మూట మాదేనని చెబుతానంటూ నాన్న లేచాడు. తాత అడ్డుకోలేదు.

"పో. గానీ ఆయన్ని ఇడుస్తరని మాత్రం అనుకోకు. లోపల ఇద్దరైతరు, గంతే."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ మమ్మల్ని చూసింది. మిగతావాళ్లు తలలు వంచుకున్నారు. నాన్న మళ్లీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం ఆయనకు ఎంత కష్టమైందో నాకు పిల్లలు పుట్టాకగానీ తెలియలేదు.

మామకు జైలు పడింది. ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఒకసారి చూసి వచ్చి వెంటనే ఇంకో డ్రైవరును పెట్టుకున్నాడు. నాన్నా తాతా కలిసి తిరిగిన తిరుగుడంతా వృథా అయింది. శిక్ష ముగిశాక, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టకుండా ఆయన్ను ఊరికి పంపేశారు. అప్పటికే కూతురి పెళ్లి ఆయన లేకుండా జరిగిపోయింది.

తర్వాతి సెలవులో మేము ఆయన్ను చూడడానికి పోయాం. మనిషి జుట్టంతా నెరిసి, సగమయ్యాడు. మా అమ్మ వలవలా ఏడ్చింది. ఆయన ఆమెను ఓదార్చాలని చూశాడు.

"మీ ఇంట్లో పిల్లోళ్లు ఎక్కువని ఎర్రదారం మూట రొంత పెద్దదే కట్టింటి అక్కా," అన్నాడు.

అది ఓదార్పనుకున్నాడు పాపం. అమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్లూ గసగసాలు ముట్టలేదు, ఊళ్లో ఉన్నప్పుడు కూడా.

నేనిప్పుడు ఇదే రియాద్‌లో ముసలిదాన్నయ్యాను. నేను సెలవుకు పోయి ఊరి నుంచి బయల్దేరేటప్పుడు జనం ఇంకా పార్సిళ్లు తెస్తూనే ఉన్నారు, మోకాళ్ల నొప్పుల మాత్రలు, ఏం కలిపారో తెలియని మసాలా పొడులు. వద్దంటే ముఖం మాడ్చుకుంటారు. వంటకే కదా, అడిగితే అదే చెప్పొచ్చు కదా అంటారు. నేను మామ సంగతి చెబుతాను. శ్రద్ధగా వింటారు, అయ్యో పాపం అంటారు, ఆ పార్సిలే ఇంకొకరి పెట్టెలో పెట్టి పంపిస్తారు. ఎవరో ఒకరు పట్టుబడ్డారని ఏటా వింటూనే ఉంటాను. నా చెప్పడం వల్ల ఏదీ మారదని నాకు తెలుసు.

మొన్న పండగకు మా కోడలు ఇరుగుపొరుగుకు ఖర్జూరాలు పంచాలని, ముచ్చటగా చిన్న చిన్న మూటలు కట్టబోయింది. నేను వద్దన్నాను. మా ఇంట్లో ఏదైనా పళ్లెంలో కుప్పగా పోసి పెడతాం, ఎవరికి కావలసింది వాళ్లే తీసుకుంటారు. ఇదేం పద్ధతత్తా అని ఆ పిల్ల నవ్వుతుంది. ఇది వీళ్లింటిదని తలుచుకుంటూ దారం ముడి వేయబోతే నాకు ఇప్పటికీ చేతులు ఆడవు.